రెండు స్కానుల మధ్య కాలం: ఎం.ఎస్. రోగులు పాత చిత్రాలను ఎందుకు పదిలపరచుకోవాలి

ఒక యువతికి విజయవాడలో చదువుకొనే రోజుల్లో ఒక కన్ను మసకబారి, మూడు వారాల తరువాత తిరిగి చూపు వచ్చిందనుకొందాం. అప్పుడు తీసిన ఎం.ఆర్.ఐ. ఫిల్ములు ఇంట్లో బీరువా మీదికి చేరాయి. నాలుగేళ్లకు ఉద్యోగరీత్యా ఆమె బెంగళూరు వచ్చింది. ఇక్కడ కాళ్లలో తిమ్మిరి మొదలైంది. కొత్తగా తీయించిన స్కాను రిపోర్టులో ముఖ్యమైన వాక్యాలు రెండు ఉన్నాయి. మెదడులోని తెల్ల పదార్థంలో అనేక మచ్చలు కనిపిస్తున్నాయన్నది మొదటిది. పోల్చి చూడడానికి పాత చిత్రాలు లభ్యం కాలేదన్నది రెండవది. మొదటి వాక్యం చదివి కుటుంబమంతా కలత చెందుతుంది. రెండవ వాక్యాన్ని ఎవరూ పట్టించుకోరు. చికిత్స నిర్ణయంలో వైద్యుని చేతులు కట్టివేసేది మాత్రం తరచుగా ఆ రెండవ వాక్యమే.

ఊరు మారినవారికి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. రేషను కార్డు, పిల్లల బదిలీ పత్రం, గ్యాసు కనెక్షను కాగితాలు జాగ్రత్తగా వెంట తెచ్చుకొనేవారు కూడా ఆసుపత్రి చిత్రాలను పాత ఊరిలోనే వదిలివేస్తారు. ఎం.ఎస్. వంటి వ్యాధిలో ఆ చిత్రాల విలువ ఏమిటో, వైద్యులు వాటిని ఎలా చదువుతారో ఈ వ్యాసంలో వివరిస్తాము.

వ్యాధి స్వరూపం

మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను వాడుకలో ఎం.ఎస్. అంటారు. ఇది అంటువ్యాధి కాదు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ పొరపాటున మెదడు, వెన్నుపాము, కంటినాడులలోని నాడీతంతువులను చుట్టి ఉండే మైలిన్ అనే కొవ్వు తొడుగుపై దాడి చేయడం ఇందులో జరుగుతుంది. మైలిన్‌ను విద్యుత్తు తీగ మీది రబ్బరు తొడుగుతో పోల్చడం పరిపాటి. ఆ పోలిక సగం వరకే సరిపోతుంది. రబ్బరు తొడుగు ప్రవాహం బయటికి పోకుండా ఆపుతుంది, అంతే. మైలిన్ నాడీసందేశం వేగాన్ని కూడా పెంచుతుంది. తొడుగు ఊడినచోట సందేశం మందగిస్తుంది, ఒక్కొక్కప్పుడు పూర్తిగా నిలిచిపోతుంది. మరొక భేదమూ ఉంది. ఊడిన రబ్బరు తిరిగి రాదు గాని, మైలిన్ కొంతమేరకు తిరిగి ఏర్పడుతుంది. మసకబారిన కంటికి మళ్లీ చూపు రావడానికి వాపు తగ్గడంతోపాటు ఇదీ ఒక కారణం.

వ్యాధి సాధారణంగా ఇరవై, నలభై ఏళ్ల మధ్య వయసులో బయటపడుతుంది. పురుషులలో కంటె స్త్రీలలో రెండు మూడు రెట్లు అధికం. చాలామందిలో కొన్నాళ్లు ఉధృతి, ఆపై నెలలు లేదా ఏళ్ల తరబడి ఉపశమనం, మళ్లీ తిరగబెట్టడం, ఇదీ దాని నడక. మన దేశంలో ఈ వ్యాధి లేనేలేదన్నంత అరుదని ఒకప్పుడు భావించేవారు. మంగళూరు నగరంలో జరిపిన జనసర్వేలో లక్షమందికి దాదాపు ఎనిమిది మంది ఎం.ఎస్. రోగులు ఉన్నట్లు తేలింది. చలిదేశాలతో పోలిస్తే ఇది తక్కువే. అయినా కోటి జనాభా దాటిన మహానగరంలో ఆ లెక్కన రోగుల సంఖ్య వందలలో ఉంటుంది.

పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రి వైద్యుడు షార్కో 1868లో ఈ వ్యాధిని మొదటిసారిగా స్పష్టంగా వర్ణించాడు. రోగులు బతికి ఉండగా వారి లక్షణాలను గమనించి, మరణానంతరం వారి మెదడును కోసి పరిశీలించి, అక్కడక్కడ గట్టిపడిన మచ్చలను చూసి, ఆ రెంటినీ జతపరిచాడు. స్క్లెరోసిస్ అంటే గట్టిపడడం అని అర్థం. ఆ తరువాత నూరేళ్లకు పైగా వైద్యుల పరిస్థితి మారలేదు. మచ్చలను కళ్లారా చూడాలంటే రోగి మరణించేవరకు ఆగవలసిందే.

జీవించి ఉన్న మెదడులో మచ్చలు

ఆ పరిస్థితిని మార్చినది ఎం.ఆర్.ఐ. యంత్రం. లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రి బృందం 1981లో పదిమంది ఎం.ఎస్. రోగుల మెదళ్లను ఈ కొత్త పద్ధతిలో చిత్రించింది. మందు ఎక్కించి తీసిన సి.టి. స్కానులో ఆ పదిమందికి కలిపి 19 మచ్చలే కనిపించాయి. ఎం.ఆర్.ఐ. వాటికి అదనంగా మరో 112 మచ్చలను బయటపెట్టింది. అంతవరకు శవపరీక్ష బల్లపై మాత్రమే కనిపించిన వ్యాధి విస్తృతి జీవించి ఉన్న మనిషిలో కనిపించడం అదే మొదలు.

సి.టి. వలె ఇందులో ఎక్స్-రే కిరణాలు ఉండవు. అందువల్ల ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ తీయించుకొన్నా కిరణాల ప్రమాదం లేదు. యంత్రంలోని బలమైన అయస్కాంతం శరీరంలోని నీటి అణువులలో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాలను ఒక క్రమంలో నిలుపుతుంది. రేడియో తరంగంతో వాటిని కదిపి, అవి తిరిగి మొదటి స్థితికి వచ్చేటప్పుడు వెలువరించే సంకేతాన్ని యంత్రం వింటుంది. చెవులు దద్దరిల్లే ఆ చప్పుళ్లు యంత్రంలోని తీగచుట్టలు అదరడం వల్ల వచ్చేవి. వాటికి భయపడనవసరం లేదు.

ఇక్కడ కీలకం నీరు. ఆరోగ్యంగా ఉన్న తెల్ల పదార్థంలో మైలిన్ పొరలు దట్టంగా చుట్టుకొని ఉండడం వల్ల స్వేచ్ఛగా కదిలే నీరు తక్కువ. వాపు వచ్చినచోట, మైలిన్ చెదిరినచోట నీరు చేరుతుంది. అక్కడి సంకేతం మారి, చిత్రంలో ఆ చోటు తెల్లగా మెరుస్తుంది. అయితే మెదడు నడిమి గదులలో ఉండే ద్రవం కూడా నీరే కనుక అదీ తెల్లగా మెరిసి, దాని ఒడ్డున ఉన్న మచ్చలను మరుగుపరిచేది. ఎం.ఎస్. మచ్చలకు ఆ ఒడ్డే ఇష్టమైన స్థానం. ఆ ద్రవపు మెరుపును మాత్రమే అణచి, మచ్చల మెరుపును నిలిపే ఫ్లెయిర్ అనే చిత్రణ పద్ధతిని 1992లో అదే హామర్‌స్మిత్ బృందం ప్రకటించింది. నేడు మీ రిపోర్టులో ఫ్లెయిర్ అన్న మాట కనిపిస్తే, నల్లని ద్రవం పక్కన తెల్లని మచ్చలు స్పష్టంగా కనిపించే ఆ చిత్రమేనని గ్రహించాలి.

బయటికి తెలియని వ్యాధి

మచ్చలు కనిపించడం ఒక మెట్టు. అవి కాలక్రమంలో ఎలా మారుతున్నాయో చూడడం మరొక మెట్టు. ఒకే రోగిని నెలనెలా స్కాను తీసి చూసిన పరిశోధకులకు ఒక ఆశ్చర్యం ఎదురైంది. రోగి తనకు బాగానే ఉందని చెబుతున్న నెలలలో కూడా కొత్త మచ్చలు పుట్టుకొస్తున్నాయి. ఒక్క లక్షణం బయటపడేలోగా ఐదు నుంచి పది దాకా మచ్చలు ఏ చప్పుడూ లేకుండా ఏర్పడవచ్చునని ఇప్పుడు సాధారణంగా అంగీకరిస్తారు. చేతిని కదిపే తంతువులు వెళ్లే ఇరుకు దారిలో మచ్చ పడితే వెంటనే తెలుస్తుంది. విశాలమైన ముందుభాగంలో పడితే పక్కనున్న తంతువులు ఆ పనిని సర్దుకొంటాయి. రోగికి బాగుందన్నది ఎంత సంతోషకరమైన మాటో, వ్యాధి నిద్రిస్తున్నదని చెప్పడానికి అంత చాలని మాట.

మచ్చ వయసును కొంతవరకు పట్టి చూపే సాధనం గాడోలినియం అనే మందు. దీనిని రక్తనాళంలోకి ఎక్కిస్తారు. మామూలుగా మెదడు రక్తనాళాల గోడలు ఇటువంటి పదార్థాన్ని లోపలికి రానివ్వవు. చురుకైన వాపు ఉన్నచోట ఆ గోడ వదులై మందు లోపలికి జారుతుంది, మచ్చ వెలుగుతుంది. ఈ వెలుగు సాధారణంగా రెండు నుంచి ఆరు వారాలు, సగటున మూడు వారాలు ఉంటుంది. ఆపై మచ్చ మిగిలినా వెలుగు ఆరిపోతుంది. కనుక వెలిగే మచ్చ ఇటీవలిది, వెలగని మచ్చ పాతది.

రోగనిర్ధారణ సూత్రంలోనే ఈ కాలగణన ఇమిడి ఉంది. వ్యాధి మెదడు, వెన్నుపాములలో ఒకటికంటె ఎక్కువ చోట్ల ఉండాలి, ఒకటికంటె ఎక్కువ సమయాలలో దాడి చేసి ఉండాలి. న్యూజిలాండ్‌లో పుట్టి లండన్‌లో పనిచేసిన నాడీవైద్యుడు ఇయన్ మెక్‌డొనాల్డ్ పేరిట 2001లో వెలువడిన ప్రమాణాలు, రెండవ ఉధృతి వచ్చేదాకా ఆగకుండా ఆ రుజువును ఎం.ఆర్.ఐ. నుంచే స్వీకరించవచ్చునని అంగీకరించాయి. తొలుత స్కానుకూ స్కానుకూ మధ్య నెలల ఎడం ఉండాలన్నారు. 2010 సవరణ తరువాత, ఒకే స్కానులో వెలిగే మచ్చ, వెలగని మచ్చ రెండూ ఉంటే చాలునన్నారు. ఆ తరువాత 2017లోను, 2024లోను మరల సవరణలు జరిగాయి. కంటినాడిని కూడా మచ్చల స్థానాలలో ఒకటిగా చేర్చుకోవడం తాజా సవరణలోని విశేషాలలో ఒకటి.

చికిత్స చరిత్ర కూడా స్కానులతో ముడిపడినదే. ఎం.ఎస్.కు ఆమోదం పొందిన మొదటి నిరోధక మందు ఇంటర్‌ఫెరాన్ బీటా-1బి. 1993లో అమెరికా ప్రభుత్వం దానిని అనుమతించే ముందు, కెనడాలోని వాంకూవర్ బృందం రోగుల స్కానులను ఏటేటా పోల్చి చూసింది. ఉత్తుత్తి మందు తీసుకొన్నవారిలో మచ్చల విస్తీర్ణం పెరుగుతూ పోగా, అసలు మందు తీసుకొన్నవారిలో ఆ పెరుగుదల నిలిచింది. ఉధృతులను లెక్కించడానికి ఏళ్లు పడుతుంది. స్కాను అదే సంగతిని ముందుగా చెప్పగలిగింది.

పోలికలోని కిటుకు

పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి తేడా చూడడం చిన్నపిల్లల పత్రికలోని ఆటంత సులువని అనిపించవచ్చు. నిజానికి ఈ విద్యలో కష్టమంతా అక్కడే ఉంది.

సొరకాయను చక్రాలుగా తరగడం ఊహించుకోండి. మందమైన చక్రాలుగా తరిగితే, ఏ గింజ ఎక్కడ ఉన్నదో సగమే తెలుస్తుంది. మరునాడు అదే సొరకాయను కాస్త ఏటవాలుగా తరిగినట్లయితే గింజల వరుస మొత్తం మారిపోయినట్లు కనిపిస్తుంది. గింజలు మాత్రం మారలేదు. మెదడు చిత్రాలలో జరిగేదీ ఇదే. పాత పద్ధతిలో ఐదు మిల్లీమీటర్ల మందం గల పొరలుగా, పొరకూ పొరకూ మధ్య కొంత ఖాళీ వదిలి చిత్రిస్తారు. లెక్కలోకి తీసుకొనే మచ్చకు కనీస కొలత మూడు మిల్లీమీటర్లు. అంతటి మచ్చ ఖాళీలో పడితే అసలే కనిపించదు. పొరలోనే పడినా, పొర మందమంతటి సంకేతం సగటుగా కలిసిపోవడం వల్ల వెలవెలబోతుంది. రెండవసారి రోగి తల రెండు డిగ్రీలు పక్కకు ఒరిగి ఉంటే, అదే మచ్చ ఈసారి పొర నడుమకు వచ్చి తెల్లగా మెరుస్తుంది. రిపోర్టులో కొత్త మచ్చ అని పడుతుంది. రోగికి నిద్ర పట్టదు, మందు మార్చాలా అన్న చర్చ మొదలవుతుంది.

యంత్రం మారినా ఇదే చిక్కు. అయస్కాంత బలాన్ని టెస్లాలలో కొలుస్తారు. నగరాలలో 1.5 టెస్లా, 3 టెస్లా యంత్రాలు రెండూ ఉన్నాయి. మొదటిదానిలో దాగిన చిన్న మచ్చలు రెండవదానిలో బయటపడవచ్చు. వ్యాధి పెరగలేదు, చూపు పెరిగింది.

ఈ గందరగోళాన్ని తగ్గించడానికి ఐరోపా, ఉత్తర అమెరికాలకు చెందిన నిపుణుల సంఘాలు 2021లో ఉమ్మడి సూచనలు ప్రకటించాయి. వాటిలో సామాన్యులకు అవసరమైన అంశాలు కొన్నే. చిత్రాన్ని పొరలుగా గాక, ప్రతి వైపూ ఒక మిల్లీమీటరు ఉండే చిన్న ఘనాలుగా తీయాలి. దీనిని త్రీ-డి ఫ్లెయిర్ అంటారు. ఇలా తీసిన చిత్రాన్ని కంప్యూటరులో ఏ కోణానికైనా తిప్పవచ్చు, పాత చిత్రంతో చక్కగా సరిపెట్టవచ్చు. 3 టెస్లా మేలు, 1.5 టెస్లా అయినా సరే. వీలైనంతవరకు ప్రతిసారీ అదే యంత్రంపై, అదే పద్ధతిలో తీయించడం శ్రేయస్కరం. కొత్త యంత్రం వచ్చిందని ఏటేటా కేంద్రం మార్చడం కంటె, ఓ మోస్తరు యంత్రంపైనే క్రమం తప్పకుండా తీయించుకోవడం ఎం.ఎస్. రోగికి ఎక్కువ మేలు చేస్తుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

రెండు చిత్రాలూ సరిపడినప్పుడు వైద్యులు అవలంబించే ఒక పద్ధతి వ్యవకలనం. బడిలో నేర్చిన తీసివేతే. పాత చిత్రాన్ని కొత్త చిత్రంపై సరిగ్గా పరిచి, కొత్తదానినుంచి పాతదానిని తీసివేస్తారు. మారని భాగమంతా ఒకే బూడిద రంగుగా మిగులుతుంది. కొత్తగా వచ్చిన మచ్చ మాత్రం చీకటిలో దీపంలా తేలుతుంది. ఇరవై ముప్పై పాత మచ్చలున్న మెదడులో ఒక్క కొత్త మచ్చను కంటితో వెదకడం ఎంత శ్రమో, ఈ పద్ధతిలో చూసినవారికి తెలుస్తుంది. అయితే ఈ పని చేయడానికి కంప్యూటరుకు అసలు డిజిటల్ చిత్రాలు కావాలి. ఫిల్ము ముక్కలు, వాటికి ఫోనులో తీసి వాట్సాప్‌లో పంపిన ఫొటోలు ఇందుకు పనికిరావు.

ఎప్పుడు తీయించాలన్నదీ ముఖ్యమే. కొత్త మందు ప్రారంభించిన నాటి స్కానును ఆధారంగా తీసుకొని, సంవత్సరం తరువాత కొత్త మచ్చలు ఉన్నాయి కనుక మందు విఫలమైందని తేల్చడం తొందరపాటు. ఏ మందుకైనా పూర్తి పట్టు రావడానికి కొన్ని నెలలు పడుతుంది. ఆ మధ్యకాలంలో పుట్టిన మచ్చల నింద మందుపై పడుతుంది. అందుకే చికిత్స మొదలైన మూడు నుంచి ఆరు నెలలకు ఒక స్కాను తీసి, దానిని కొత్త ఆధారంగా స్వీకరించి, ఆ తరువాత సాధారణంగా ఏడాదికొకసారి పోలుస్తారు. మందు ఎంత ఖరీదైనదో ఎరిగిన కుటుంబాలకు, పనిచేస్తున్న మందును పొరపాటున మానివేయడం ఎంతటి నష్టమో వేరే చెప్పనక్కరలేదు.

ప్రతిసారీ గాడోలినియం ఎక్కించవలసిన అవసరం కూడా ఇప్పుడు లేదు. మంచి పాత చిత్రం చేతిలో ఉంటే, కొత్త మచ్చ ఏదో పోలికతోనే తెలిసిపోతుంది. ఆ మందు స్వల్పంగా మెదడులో నిలిచిపోతున్నట్లు తేలడంతో 2017లో ఐరోపా ఔషధ నియంత్రణ సంస్థ కొన్ని రకాల వాడకాన్ని నిలిపివేయించింది. అలా నిలవడం వల్ల మెదడుకు హాని జరిగినట్లు రుజువు లేదు. కనుక అవసరమైనప్పుడు భయపడవద్దు, అనవసరంగా కోరుకోవద్దు. పాత చిత్రాలు పోగొట్టుకొన్నవారికి ఈ సూది తప్పకపోవచ్చు.

మచ్చల లెక్కకు అవతల

మచ్చల సంఖ్యకూ రోగి బాధకూ నేరుగా పొంతన కుదరదు. ఇరవై మచ్చలున్నవారు పరుగు పందెంలో పాల్గొనవచ్చు, నాలుగు మచ్చలున్నవారు కర్ర లేనిదే నడవలేకపోవచ్చు. వెన్నుపాము చిటికెనవేలంత సన్నన. అందులో పడిన ఒక్క మచ్చ మెదడులోని పది మచ్చలకంటె ఎక్కువ కష్టం కలిగించగలదు. రిపోర్టులోని అంకెను ఇరుగుపొరుగు రోగి అంకెతో పోల్చుకోవడం వృథా. మీ పాత అంకెతో పోల్చుకోవడమే సార్థకం.

ఇటీవలి చిత్రణ విధానాలు మచ్చల సంఖ్యకు తోడు వాటి స్వభావాన్ని కూడా చూపుతున్నాయి. ఎం.ఎస్. మచ్చ సాధారణంగా ఒక చిన్న సిర చుట్టూ ఏర్పడుతుంది. ఎడిన్‌బరోకు చెందిన డాసన్ 1916లోనే సూక్ష్మదర్శిని కింద దీనిని వర్ణించాడు. మెదడు గదుల అంచునుంచి వేళ్లలా చాచుకొని ఉండే మచ్చలను నేటికీ డాసన్ వేళ్లు అంటారు. రక్తంలోని ఇనుము ప్రభావాన్ని పట్టే ప్రత్యేక చిత్రాలలో, మచ్చ నడుమ నల్లని గీతగా ఆ సిర నేడు కనిపిస్తుంది. బి.పి. వల్ల, వయసు వల్ల వచ్చే మచ్చలలో ఈ గీత అంతగా ఉండదు. కనుక ఏది ఎం.ఎస్. మచ్చో, ఏది కాదో విడదీయడానికి ఇది తోడ్పడుతోంది.

మరొకటి నల్లని అంచు. కొన్ని పాత మచ్చలు చల్లారినట్లే కనిపించినా వాటి అంచున ఇనుము నిండిన రక్షణకణాలు చేరి, నివురు కింది నిప్పులా ఏళ్ల తరబడి రగులుతూ ఉంటాయి. ఇటువంటి మచ్చలు నాలుగు, అంతకు మించి ఉన్నవారు తక్కువ వయసులోనే వైకల్యానికి లోనవుతున్నారని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 2019లో ప్రకటించారు. గాడోలినియం వెలుగు లేనంత మాత్రాన వ్యాధి ఆగినట్లు కాదన్న సంగతిని ఇది బలపరిచింది.

మెదడు పరిమాణాన్ని కొలవడం మూడవది. ఆరోగ్యవంతులైన పెద్దలలో మెదడు ఏటా 0.1 నుంచి 0.3 శాతం వరకు తగ్గుతుంది. చికిత్స లేని ఎం.ఎస్.లో ఇది 0.5 నుంచి 1 శాతం, కొందరిలో అంతకు మించి ఉంటుంది. వేలాదిమందిపై జరిపే పరిశోధనలో ఇది మంచి కొలమానం. ఒక్క వ్యక్తి విషయంలో దీనిని నమ్ముకోవడం ఇంకా తొందరపాటే. స్కానుకు ముందు నీళ్లు తక్కువ తాగినా మెదడు పరిమాణం కొద్దిగా తగ్గినట్లు కనిపిస్తుంది. మంచి మందు మొదలుపెట్టగానే వాపు తీసి, మెదడు కుంచించుకుపోయినట్లు భ్రమ కలుగుతుంది. బాగుపడడమే క్షీణతలా కనిపించడమంటే ఇదే. మచ్చలను తామే లెక్కించి, పరిమాణాన్ని శాతాలలో అచ్చువేసి ఇచ్చే కంప్యూటరు ప్రోగ్రాములు ఇప్పుడు వస్తున్నాయి. అవి శ్రమను తగ్గిస్తాయి. అయినా వాటికి ఇచ్చిన రెండు చిత్రాలూ రెండు పద్ధతులలో తీసినవైతే, వచ్చే అంకె ఎంత అందంగా అచ్చయినా తప్పే.

తెల్ల మచ్చలన్నీ ఎం.ఎస్. కావు

తలనొప్పికి తీయించిన స్కానులో రెండు తెల్ల చుక్కలు కనిపించగానే ఎం.ఎస్. అని బెంబేలెత్తేవారు ఎందరో. మైగ్రేను, అధిక రక్తపోటు, మధుమేహం, పొగతాగడం, వయసు పైబడడం, ఇవన్నీ చుక్కలు తెస్తాయి. మన దేశంలో క్షయ, పంది బద్దెపురుగు వంటివాటివల్ల కలిగే మెదడు గడ్డలనూ దృష్టిలో ఉంచుకోవాలి. ఎం.ఎస్.ను పోలిన మరో వ్యాధి న్యూరోమైలైటిస్ ఆప్టికా. కంటినాడులను, వెన్నుపామును తీవ్రంగా దెబ్బతీసే ఈ వ్యాధికి కారణమైన ప్రతిదేహం 2004లో బయటపడింది. రక్తపరీక్షతో దానిని గుర్తించవచ్చు. ఎం.ఎస్.కు వాడే ఇంటర్‌ఫెరాన్ వంటి కొన్ని మందులు ఈ వ్యాధిని మరింత పెంచుతాయి. అందువల్ల చిత్రం ఒక్కటే చూసి మందు మొదలుపెట్టడం ప్రమాదం. కాలక్రమంలో తీసిన చిత్రాలు ఇక్కడా సాయపడతాయి. ఎం.ఎస్.లో ఉధృతి లేని కాలంలోనూ కొత్త మచ్చలు వస్తూ ఉంటాయి, ఈ రెండవ వ్యాధిలో అలా రావడం అరుదు.

స్కాను మరో కాపలా కూడా కాస్తుంది. నాటలిజుమాబ్ వంటి శక్తిమంతమైన మందులు వాడేవారిలో కొందరికి జె.సి. వైరస్ అనే సూక్ష్మజీవి మెదడుకు ప్రాణాంతకమైన సోకు కలిగించవచ్చు. ప్రమాదం ఎక్కువ ఉన్నవారికి మూడు నుంచి ఆరు నెలలకొకసారి స్కాను తీసి, లక్షణాలు రాకముందే దానిని పట్టుకోవాలని చూస్తారు. కొత్తగా కనిపించిన మచ్చ ఎం.ఎస్.దా, ఈ సోకుదా అన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికి వైద్యుడు మొదట అడిగేది పాత చిత్రమే.

ఊరు మారేవారు వెంట తెచ్చుకోవలసినవి

స్కాను కేంద్రంలో ఫిల్ములు, రిపోర్టు తీసుకొని తృప్తిపడరాదు. డైకామ్ రూపంలో ఉన్న అసలు చిత్రాలను సీడీలో గాని పెన్‌డ్రైవులో గాని అడిగి తీసుకోండి. సీడీ గీతలు పడి పాడవుతుంది, దానిని తెరిచే కంప్యూటర్లూ కరవవుతున్నాయి. కనుక ఇంటికి రాగానే దానిలోని ఫోల్డరు మొత్తాన్ని మరో రెండు చోట్ల నకలు చేసి, ఫోల్డరుకు స్కాను తేదీ, ఊరు పేరు పెట్టుకోండి. ఫిల్ములను పారవేయనక్కరలేదు. కాని వానాకాలంలో అవి ఒకదానికొకటి అంటుకొని పొరలు ఊడిపోవడం మామూలే.

వాటితోపాటు ఒక కాగితంపై తేదీల పట్టిక రాసి ఉంచుకోవాలి. ఏ నెలలో ఏ ఉధృతి వచ్చింది, స్టెరాయిడ్ సూదులు ఎప్పుడు వేశారు, ఏ మందు ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగింది అన్నవి చాలు. స్టెరాయిడ్ వేసిన కొద్ది రోజులకే తీసిన స్కానులో మచ్చల వెలుగు అణగిపోతుంది. ఆ సంగతి తెలియని వైద్యుడు వ్యాధి చల్లారిందని పొరబడే అవకాశం ఉంది.

పాత చిత్రాలు, కాగితాలు ఇప్పటికీ మీ చేతిలో లేకుంటే ఆలస్యం చేయక ఆ ఆసుపత్రికి లిఖితపూర్వకంగా దరఖాస్తు చేయండి. భారత వైద్య మండలి 2002లో ప్రకటించిన వృత్తి నియమావళి ప్రకారం, ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారి రికార్డులను చికిత్స ప్రారంభించిన నాటినుంచి మూడేళ్లపాటు భద్రపరచాలి. రోగి గాని అతడు అధికారమిచ్చిన వ్యక్తి గాని కోరినపుడు 72 గంటలలోగా ఆ పత్రాలు ఇవ్వాలి. మూడేళ్లు దాటిన తరువాత ఉంచుతారో లేదో వారి ఇష్టం.

వ్యాధివల్ల నడక, చూపు దెబ్బతిన్నవారు గుర్తుంచుకోవలసినది మరొకటి ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో మల్టిపుల్ స్క్లెరోసిస్ ఒకటి. శాతాన్ని నిర్ణయించేది వైద్య మండలి. వరుసగా పేర్చిన స్కానుల దస్త్రం అక్కడ మీ మాటకు సాక్ష్యంగా నిలుస్తుంది. 1985లో ఏర్పడిన మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకు బెంగళూరులో కూడా శాఖ ఉంది.

స్కానుకు వెళ్లిన రోజున, శరీరంలో పేస్‌మేకరు, లోహపు క్లిప్పులు, కొత్తగా వేయించిన స్టెంటు వంటివి ఉంటే ముందే చెప్పాలి. గర్భవతులు ఆ సంగతి తప్పక తెలపాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు గాడోలినియం ఎక్కించక ముందే తెలపాలి. పాత చిత్రాల పెన్‌డ్రైవును వైద్యునికోసం దాచి ఉంచక, స్కాను కేంద్రంలోనే ఇవ్వండి, ఎందుకంటే పోల్చి రాసేవారు అక్కడే ఉన్నారు. కౌంటరులో ఉన్నవారికి తెలుగు రాకపోతే కన్నడంలో ఈ ఒక్క మాట చాలు: హళె స్కాన్ జొతె హోలిసి రిపోర్ట్ కొడి. పాత స్కానుతో పోల్చి రిపోర్టు ఇవ్వండి అని దాని అర్థం. రిపోర్టు చేతికి రాగానే, ఏ తేదీ నాటి స్కానుతో పోల్చారో అందులో రాసి ఉన్నదో లేదో చూసుకోండి. రాయకపోతే, పెన్‌డ్రైవు తిరిగి తీసుకొనే ముందే అడగండి.